నోటరీని ముద్దాయిగా చేరిస్తే: సెక్షన్ 13 ఎక్కడ అడ్డుపడుతుంది, ఎక్కడ పడదు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో భూమి తగాదా ముదిరి ఫోర్జరీ కేసు అయిందంటే ఎఫ్‌ఐఆర్‌లో పేర్ల వరుస దాదాపు ఒకేలా ఉంటుంది. అగ్రిమెంటు రాయించుకున్న మనిషి ఏ-1, సాక్షి సంతకాలు పెట్టినవాళ్లు ఏ-2, ఏ-3, ఆఖర్న నోటరీ చేసిన ప్లీడరు. అక్కడి నుంచి రెండు వాదాలు మొదలవుతాయి. నోటరీ మీద పోలీసులు కేసే కట్టకూడదు, చట్టం రక్షణ ఇచ్చింది అని బార్ రూములో అంటారు. సీలు వేసినాయనే అసలు దొంగ, ముందు ఆయన్ని లోపలెయ్యాలి అని భూమి పోయినవాళ్లు అంటారు. ఇద్దరి మాటలోనూ సగమే నిజం. ఆ మిగతా సగం తెలియక ఫిర్యాదుదారులు ఏళ్ల తరబడి తిరుగుతున్నారు, నోటరీలు పెట్టుకోకూడని ధీమా పెట్టుకుంటున్నారు.

నోటరీల చట్టం 1952లో వచ్చింది, 1956 ఫిబ్రవరి 14న అమల్లోకి వచ్చింది. నిబంధనలు కూడా 1956వే. నోటరీని కేంద్రమైనా నియమించవచ్చు, రాష్ట్రమైనా నియమించవచ్చు. ఫిర్యాదుకు ముందు తేల్చుకోవాల్సిన మొదటి సంగతి ఇదే, దాన్ని తేల్చేది కాగితం మీది గుండ్రటి సీలు. నిబంధనల ప్రకారం ఆ సీలు 5 సెంటీమీటర్ల వ్యాసంతో ఉండాలి. నోటరీ పేరు, ఆయన పరిధి ఏ ప్రాంతమో, ఏ ప్రభుత్వం నియమించిందో అందులో ఉండాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అని ఉంటే ఫిర్యాదు వెలగపూడి సచివాలయంలోని న్యాయశాఖకు, భారత ప్రభుత్వం అని ఉంటే ఢిల్లీలో కేంద్ర న్యాయశాఖకు చెందిన నోటరీ సెల్‌కు వెళ్లాలి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చిన అర్జీ తిరిగి తిరిగి మళ్లీ స్టేషన్‌కే చేరడానికి కారణం, నోటరీ సర్టిఫికెట్ మీద కలెక్టర్‌కు అధికారం లేకపోవడం.

ఇక నోటరీల చట్టంలోని సెక్షన్ 13. నోటరీ తన విధుల్లో భాగంగా గానీ, విధుల పేరుతో గానీ చేసిన నేరాన్ని ఏ కోర్టూ విచారణకు స్వీకరించకూడదు. కేంద్ర లేదా రాష్ట్ర ప్రభుత్వం అధికారం ఇచ్చిన అధికారి రాతపూర్వకంగా కంప్లయింటు ఇస్తేనే స్వీకరించాలి. చట్టం చెప్పింది ఇంతే. ఈ ఆంక్ష ఎవరి మీదో చూడండి: కోర్టు మీద. పోలీసు స్టేషన్ ప్రస్తావన అందులో లేదు. ఎఫ్‌ఐఆర్ వేయకూడదనీ లేదు, దర్యాప్తు చేయకూడదనీ లేదు, అరెస్టు చేయకూడదనీ లేదు. మతవిద్వేష నేరాల్లో ముందస్తు అనుమతి గురించి 2006లో కర్ణాటక నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఇదే తేడాను విడమరిచింది. అనుమతి లేకపోతే కోర్టు కేసును స్వీకరించలేదు, అంతమాత్రాన పోలీసుల దర్యాప్తు ఆగనక్కర్లేదని చెప్పింది. సెక్షన్ 13 కూడా అదే అచ్చులో పోసినది.

అయితే దర్యాప్తు ముగిశాక పోలీసులు వేసే ఛార్జిషీటు దగ్గర కథ అడ్డం తిరుగుతుంది. క్రిమినల్ ప్రొసీజర్‌లో కంప్లయింటు అనే మాటకు ప్రత్యేక అర్థం ఉంది. మేజిస్ట్రేటుకు చేసుకునే ఆరోపణే కంప్లయింటు. పోలీసు రిపోర్టు అందులోకి రాదని నిర్వచనంలోనే రాసి ఉంది. పాత సీఆర్‌పీసీలో సెక్షన్ 2(డి), దాని స్థానంలో వచ్చిన ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్‌ (భారతీయ నాగరిక సురక్షా సంహిత)లో సెక్షన్ 2(1)(హెచ్). కాబట్టి ఎస్‌ఐ ఎంత పకడ్బందీగా ఛార్జిషీటు వేసినా సెక్షన్ 13 అడిగిన కంప్లయింటు అది కాదు. బాధితుడు ప్లీడరును పెట్టుకుని సొంతంగా వేసే ప్రైవేటు కంప్లయింటు కూడా కుదరదు, అది అధికారం పొందిన అధికారి ఇచ్చింది కాదు గనుక. 2022లో కర్ణాటక హైకోర్టు బాల్యవివాహానికి సంబంధించిన ఒక కేసులో నోటరీ మీది ప్రాసిక్యూషన్‌ను ఈ కారణంతోనే కొట్టేసింది. ఆయన చేసింది మంచిదా చెడ్డదా అనే విచారణ దాకా వ్యవహారం పోలేదు.

ఇక్కడ ఫిర్యాదుదారులు చేసే పొరపాటు ఒకటుంది. నోటరీ పేరు ఏ-4గా ఛార్జిషీటులో ఎక్కగానే పని అయిపోయిందనుకుంటారు. నోటరీ హైకోర్టులో కేసు కొట్టేయమంటూ క్వాష్ పిటిషన్ వేస్తారు. దానికి సెక్షన్ ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 528, ఒకప్పటి 482. అధికారి కంప్లయింటు లేదన్న ఒక్క పాయింటు మీద ఆయన వరకూ కేసు పోతుంది. కొట్టేశారు గనుక నోటరీ నిర్దోషి అని ఏ-1 తరఫు ప్లీడరు సివిల్ కోర్టులో వాదిస్తాడు. అది నిలబడే వాదన కాదు. క్వాష్ అయింది పద్ధతి లోపం వల్ల. తర్వాత ప్రభుత్వం అధికారం ఇచ్చిన అధికారి సరైన కంప్లయింటు వేస్తే కోర్టు మళ్లీ స్వీకరించవచ్చు. పైగా సెక్షన్ 13 నోటరీ ఒక్కరికే. అగ్రిమెంటు రాయించుకున్నవాడు, వేలిముద్ర వేసిన నకిలీ మనిషి, సాక్షులు, పాత తేదీతో స్టాంపు పేపరు అమ్మిన వెండరు, నోటరీ సీలు తన సొరుగులో పెట్టుకుని కొట్టే గుమస్తా, వీళ్లెవరూ ఆ గొడుగు కిందికి రారు.

దర్యాప్తు అధికారికి తెలివైన దారి ఉంది. మిగతా ముద్దాయిల మీద ఛార్జిషీటు వేసి, నోటరీకి సంబంధించిన ఆధారాలన్నీ విడిగా జతపరిచి, ఎస్పీ ద్వారా నియామక ప్రభుత్వానికి పంపి, అధికారి చేత కంప్లయింటు వేయించమని కోరడం. అలా చేసిన ఫైలు అరుదు. అందరినీ ఒకే గాటన కట్టి ఒకే ఛార్జిషీటులో పడేయడం సులువు గనుక అదే చేస్తారు, ఆరు నెలలకో ఏడాదికో హైకోర్టు నుంచి స్టే వస్తుంది.

విధుల పేరుతో చేసినది అన్న మాట ఎంతవరకు సాగుతుంది? సెక్షన్ 8లో నోటరీ పనుల జాబితా ఉంది: దస్తావేజు రాసిచ్చిన సంగతిని ధ్రువీకరించడం, ప్రమాణం చేయించి అఫిడవిట్ తీసుకోవడం, ప్రామిసరీ నోటు, హుండీలు చెల్లలేదని నమోదు చేసే ప్రొటెస్టు, అనువాదం సరిచూడటం, కోర్టు చెబితే కమిషనరుగా సాక్ష్యం నమోదు చేయడం వగైరా. సంతకం పెట్టిన మనిషి ఎదుట లేకపోయినా ఉన్నాడని సీలు వేయడం తప్పే. కానీ ఆ తప్పు నోటరీ పని చేస్తున్నానంటూ చేసిందే, అందువల్ల సెక్షన్ 13 వర్తిస్తుందనే వాదనకు బలం ఉంటుంది. అదే నోటరీ తన ఆఫీసులో నకిలీ పట్టాదారు పాసుపుస్తకం అచ్చు వేయించాడనుకోండి, భూమి సొమ్ములో వాటా తన ఖాతాలో వేయించుకున్నాడనుకోండి, ఆ పనులకూ సెక్షన్ 8కీ సంబంధం లేదు. వాటికి మామూలు దారిలో ఛార్జిషీటు వేయవచ్చు. ఫిర్యాదు రాసేటప్పుడే సీలు వేసిన తప్పునూ, దాని వెలుపల చేసిన తప్పునూ వేర్వేరు పేరాల్లో పెట్టడం ఇందుకే అవసరం. రెండూ కలిపి కలగాపులగం చేస్తే రెండో దానికి కూడా సెక్షన్ 13 అడ్డం పెడతారు.

సెక్షన్ల సంగతి కూడా చూసుకోవాలి. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి. కానీ ఈ కేసుల్లో కాగితాలు ఎక్కువగా పాతవి. 2016 నాటి అగ్రిమెంటు మీద 2025లో ఎఫ్‌ఐఆర్ పడితే, అప్పటి ఫోర్జరీకి ఐపీసీ 420 (మోసం), 467 (విలువైన దస్తావేజు ఫోర్జరీ), 468 (మోసం కోసం ఫోర్జరీ), 120-బి (కుట్ర) వేయాలి. దర్యాప్తు పద్ధతి మాత్రం బీఎన్‌ఎస్‌ఎస్ ప్రకారం. ఇందులో 467 చేర్చారా లేదా అన్నది నోటరీకి ప్రాణాంతకమైన ప్రశ్న. విలువైన దస్తావేజు ఫోర్జరీకి యావజ్జీవం దాకా శిక్ష ఉంది. ఏడేళ్లలోపు శిక్షల కేసుల్లో సాధారణంగా అరెస్టు బదులు హాజరు కమ్మంటూ వచ్చే బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) నోటీసు దీనికి వస్తుందన్న భరోసా లేదు. అందుకే 467 కనిపిస్తే ముందస్తు బెయిలుకు పరుగెత్తుతారు. సెక్షన్ 13 ఉంది కదా అని కూర్చున్నవాళ్లు అరెస్టు దగ్గర బొక్కబోర్లా పడతారు.

రిజిస్టరులో ఏం చూస్తారు

నేరమా, నిర్లక్ష్యమా అన్నది తేల్చేది మాటలు కాదు, నోటరీ రిజిస్టరు. నిబంధన 11 ప్రకారం ప్రతి నోటరీ రిజిస్టరు పెట్టాలి. వాడకం మొదలుపెట్టే ముందే మొదటి పేజీలో మొత్తం ఎన్ని పేజీలున్నాయో రాసి సర్టిఫై చేయాలి. వరుస సంఖ్య, తేదీ, పని స్వభావం, పార్టీల పేర్లు, చిరునామాలు, కాగితంలోని విషయం, తీసుకున్న ఫీజు, పార్టీ సంతకం, నోటరీ సంతకం అన్నీ ఒకే వరుసలో పడాలి. జిల్లా జడ్జి గానీ ప్రభుత్వం నియమించిన అధికారి గానీ ఏడాదికి రెండుసార్లకు మించకుండా దాన్ని తనిఖీ చేయవచ్చు. ప్రతి జనవరి మొదటి వారంలో, గడిచిన ఏడాది చేసిన పనుల రిటర్ను ప్రభుత్వానికి పంపాలి.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. కావలి దగ్గర మూడెకరాల యజమాని కువైట్‌లో పనిచేస్తాడు. ఆయన 2017 ఆగస్టులో అమ్మకపు అగ్రిమెంటు రాసిచ్చినట్టు, నెల్లూరులో నోటరీ అయినట్టు కాగితం బయటపడింది. పాస్‌పోర్టు మీద ముద్రల ప్రకారం ఆయన ఆ నెలంతా దేశంలో లేడు. సంతకం పెట్టింది ఆయన కాదని ఇంతటితో తేలింది. నోటరీ పాత్ర ఏమిటో ఇంకా తేలలేదు. కాగితం మీద నోటరీ వేసిన వరుస సంఖ్య 412 అనుకుందాం. దర్యాప్తు అధికారి బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 94 కింద రిజిస్టరు తెప్పిస్తాడు.

412 దగ్గర ఇదే అగ్రిమెంటు, అదే తేదీ, ఎదురుగా వేలిముద్ర, గుర్తించిన ప్లీడరు సంతకం, ఆధార్ జెరాక్సు ఉన్నాయనుకోండి. నకిలీ మనిషి వచ్చి నోటరీని కూడా మోసం చేశాడన్న వాదనకు ఆధారం దొరికింది. ఆధార్ ఫొటోను సరిగా చూడలేదని నిర్లక్ష్యం అంటగట్టవచ్చు, కుట్ర అంటగట్టడం కష్టం. ఎందుకంటే కుట్రకు తెలిసి చేయడం కావాలి. ఆ వేలిముద్రే నకిలీ మనిషిని పట్టిస్తుంది కూడా. 412 దగ్గర ఎవరిదో కరెంటు మీటరు అఫిడవిట్ ఉందనుకోండి, ఆ అగ్రిమెంటు రిజిస్టరు ఎక్కకుండానే సీలు పడింది. 411, 413 మధ్య ఒక వరుస ఖాళీగా వదిలి తర్వాత వేరే సిరాతో, ఇరుకిరుకుగా రాసినట్టుంటే పాత తేదీ వేసిన కాగితమన్న అనుమానం బలపడుతుంది. రిజిస్టరు పోయిందని చెబితే? అన్నింటికన్నా అధ్వాన్నం. ముఖ్యంగా పోయినప్పుడు స్టేషన్‌లో ఇచ్చిన కాగితం చూపలేకపోతే.

రెండో తనిఖీ స్టాంపు పేపరు వెనక్కి తిప్పి చూడటం. వెండరు వరుస సంఖ్య, అమ్మిన తేదీ, కొన్నవాడి పేరు అక్కడ ఉంటాయి. వెండరు రిజిస్టరులో ఆ సంఖ్య ఏ తేదీన ఎవరికి అమ్మారో పోల్చితే, 2019లో అమ్మిన పేపరు మీద 2017 అగ్రిమెంటు రాసిన గుట్టు బయటపడుతుంది. మూడోది నోటరీ సర్టిఫికెట్ గడువు. సర్టిఫికెట్ అయిదేళ్లకు ఇస్తారు, తర్వాత రెన్యూవల్ చేయించుకోవాలి. సీలు తేదీ నాటికి సర్టిఫికెట్ బతికి ఉందా, లేక ఆ నోటరీకి అప్పటికి నియామకమే కాలేదా అన్నది ఒక్క ఉత్తరంతో తేలుతుంది. సంతకాలు పోల్చడానికి నమూనాలు కావాలంటే బీఎన్‌ఎస్‌ఎస్ 349 కింద మేజిస్ట్రేటు ఆదేశం తీసుకుని ల్యాబుకు పంపాలి. స్టేషన్‌లో కూర్చోబెట్టి తెల్లకాగితం మీద పెట్టించుకున్న సంతకాలు తర్వాత తలనొప్పి తెస్తాయి.

ఇక్కడే నోటరీలకు ఒక మాట. కాగితంలో రాసినదంతా నిజమని నోటరీ హామీ ఇవ్వడు. ఫలానా మనిషి ఫలానా రోజు నా ఎదుట సంతకం పెట్టాడు అన్నదొక్కటే ఆయన చెప్పేది. కాబట్టి సరిహద్దులు తప్పు, విస్తీర్ణం ఎక్కువ అన్న ఆరోపణలకు ఆయన జవాబుదారీ కాదు. మనిషి వచ్చాడా లేదా అన్నదానికి మాత్రం పూర్తిగా ఆయనే జవాబుదారీ. అందుకు రుజువు రిజిస్టరులో ఆ ఒక్క వరుసే.

శాఖాపరమైన విచారణ

క్రిమినల్ కేసు కన్నా ఇది త్వరగా ఫలితం ఇచ్చే దారి, అయినా దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. దీనికి సెక్షన్ 13 అడ్డు లేదు, పోలీసుతో పని లేదు. నిబంధన 13 కింద ప్రభుత్వం తనంతట తానుగా గానీ, ఫారం 13లో వచ్చిన ఫిర్యాదు మీద గానీ విచారణ చేయించవచ్చు. ఫిర్యాదులో రెండు విషయాలు తప్పనిసరి. రుజువైతే ఆయన నోటరీగా పనికిరాడనిపించే చర్యలు లేదా లోపాలు ఏమిటి; వాటికి మీరు ఆధారపడే సాక్షులు, కాగితాలు ఏమిటి. ఫారంలో లేని ఫిర్యాదును తిప్పి పంపే వీలుంది. నోటరీ గారు మమ్మల్ని అన్యాయం చేశారు, తగు చర్య తీసుకోగలరు అనే నాలుగు వాక్యాల అర్జీకి పట్టే గతి అదే. ఫలానా తేదీ, ఫలానా వరుస సంఖ్య, ఆ రోజు సంతకందారు దేశంలో లేడు, ఇదిగో పాస్‌పోర్టు నకలు అని రాస్తే పక్కన పెట్టడం అంత తేలిక కాదు.

సాధారణంగా 60 రోజుల్లో ఫిర్యాదు ప్రతిని నోటరీకి పంపాలి. అందిన 14 రోజుల్లో ఆయన రాతపూర్వక జవాబు ఇవ్వాలి, గడువు పెంచమని అడగవచ్చు. ఆ జవాబును సివిల్ కోర్టు ప్లీడింగులాగే వెరిఫికేషన్‌తో సంతకం చేయాలి. జవాబు చూశాక ప్రాథమికంగా కేసు ఉందనిపిస్తే ప్రభుత్వం నిర్ణీత అధికారికి విచారణ అప్పగిస్తుంది, లేదనిపిస్తే మూసేస్తుంది. విచారణలో నోటరీ తానే వాదించుకోవచ్చు, ప్లీడరునో మరో నోటరీనో పెట్టుకోవచ్చు. నివేదిక చేరాక ప్రభుత్వం ముందున్న దారులు మూడు: సర్టిఫికెట్ రద్దు చేసి శాశ్వతంగా నిషేధించడం, కొంతకాలం సస్పెన్షన్, హెచ్చరికతో వదిలేయడం. ఆ ఉత్తర్వు నచ్చనివాళ్లు హైకోర్టులో రిట్ వేసుకోవాలి.

క్రిమినల్ కేసును హైకోర్టు క్వాష్ చేసినంత మాత్రాన ఈ విచారణ ఆగదు. ఇక్కడ కుట్ర రుజువు కానక్కర్లేదు. మనిషి రాకుండా సీలు వేశాడు, రిజిస్టరు రాయలేదు, తన ప్రాంతం దాటి వెళ్లి నోటరీ చేశాడు అన్నవి దుష్ప్రవర్తన కింద ఆరోపించడానికి సరిపోతాయి. పెళ్లి, విడాకుల కాగితాల సంగతీ ఇంతే. నోటరీలు వివాహ అధికారులు కారని, పెళ్లిళ్లు, విడాకులు ధ్రువీకరిస్తే దుష్ప్రవర్తనగా చూస్తామని 2024 అక్టోబరులో కేంద్ర న్యాయశాఖ మెమో ఇచ్చింది. అయినా వంద రూపాయల స్టాంపు మీద విడాకుల ఒప్పందం రాసి సీలు వేయించుకునే ఆచారం మన దగ్గర తగ్గినట్టు లేదు.

నోటీసు అందిన నోటరీ చేయాల్సింది

ముందు ఆ పోలీసు నోటీసు సాక్షిగా పిలుస్తోందా, ముద్దాయిగా పిలుస్తోందా చూడాలి. బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 179 అయితే సాక్షి, 35(3) అయితే ముద్దాయి. సాక్షిగా పిలిచినప్పుడు మొహం చాటేసినవాళ్ల మీదే తర్వాత అనుమానం పడుతుంది. రిజిస్టరు అడిగితే ఇవ్వాలి. క్లయింటు రహస్యం అని చెప్పి ఆపడం కుదరదు. ప్లీడరుకు క్లయింటు చెప్పుకున్న మాటలకు రక్షణ ఉంది గానీ, నిబంధనల ప్రకారం తనిఖీకి పెట్టాల్సిన రిజిస్టరుకు ఆ రక్షణ అంటదు. ఇచ్చే ముందు అన్ని పేజీల నకలు తీసిపెట్టుకుని, ఎన్ని పేజీలు, ఏ వరుస సంఖ్య నుంచి ఏ సంఖ్య దాకా అన్నది స్వాధీన పంచనామాలో రాయించుకుని, దాని ప్రతి తీసుకోవాలి. మర్నాటి పని కోసం కొత్త రిజిస్టరు తెరిచి మొదటి పేజీలో పేజీల సంఖ్య సర్టిఫై చేయాలి. పాత రిజిస్టరులో ఖాళీలు కనిపించాయని ఆ రాత్రి పూడ్చడం మాత్రం ఆత్మహత్యే. ల్యాబు సిరా తేడాను పట్టకపోయినా పక్క వరుసల్లోని పార్టీలు వచ్చి చెబుతారు.

భూమి పోయినవాళ్లు నోటరీ మీదే దృష్టంతా పెట్టి అసలు కాగితం బలమెంతో చూసుకోరు. మన జిల్లాల్లో నోటరీ అగ్రిమెంట్లు ఎక్కువగా ఎక్కడ పుడతాయంటే, రిజిస్ట్రేషన్ కాని చోట: 1977 ఎసైన్డ్ భూముల చట్టం బదిలీని నిషేధించిన డీకేటీ పట్టాలు (ప్రభుత్వం పేదలకిచ్చిన భూములు), రిజిస్ట్రేషన్ నిషేధించిన 22-ఏ జాబితాలో ఇరుక్కున్న సర్వే నంబర్లు, అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల గుంటల లీజులు. సీలు ఎంత గుండ్రంగా పడినా వీటిలో హక్కు మారదు. ఏడాది దాటిన లీజు రిజిస్టరు కావాలి. మన రాష్ట్ర సవరణ వల్ల అమ్మకపు అగ్రిమెంటు కూడా రిజిస్టరు చేయాల్సిన జాబితాలోనే ఉంది. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ)తో భూమి అమ్మకం పూర్తి కాదని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. దేశంలోనే ఉంటున్న మనిషి ఇచ్చిన జీపీఏతో సబ్ రిజిస్ట్రారు దగ్గర దస్తావేజు రాసివ్వాలంటే దాన్ని రిజిస్ట్రారో సబ్ రిజిస్ట్రారో ధ్రువీకరించి ఉండాలి, నోటరీ సీలు సరిపోదు.

ఒక్క చోట మాత్రం సీలుకు నిజమైన బలం ఉంది. నోటరీ ఎదుట రాసి ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ సరిగానే జరిగిందని కోర్టు ముందుగా భావించాలి. పాత సాక్ష్య చట్టంలో సెక్షన్ 85, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియంలో 84. అది తప్పని రుజువు చేసే భారం యజమాని మీద పడుతుంది. విదేశాల్లో ఉన్నవాళ్ల పేర పుట్టే నకిలీ జీపీఏలు ప్రమాదకరం అయ్యేది ఇందువల్లే. అలాంటి కాగితం బయటపడిన రోజే సివిల్ కోర్టులో ఆ కాగితం చెల్లదని ప్రకటించమంటూ డిక్లరేషన్ దావా వేసి, నోటరీని సాక్షిగా రిజిస్టరుతో సహా పిలిపించాలి. క్రిమినల్ కేసు తేలేదాకా ఆగక్కర్లేదు.

సర్టిఫికెట్ గడువు తీరిన, అసలు నియామకమే లేని మనిషి సీలు వేస్తే దారి మళ్లీ మారుతుంది. ఆయన చట్టం దృష్టిలో నోటరీ కాడు గనుక సెక్షన్ 13 అడ్డు పెట్టుకోవడం కష్టం. సెక్షన్ 12 కింద విడిగా నేరం కూడా: ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఏడాది శిక్ష ఉన్న నేరానికి కోర్టు స్వీకరించే గడువు కూడా ఏడాదే, బీఎన్‌ఎస్‌ఎస్ 514 ప్రకారం. నేరం గానీ, చేసిందెవరన్నది గానీ ముందు తెలియకపోతే, తెలిసిన రోజు నుంచి లెక్క. నోటరీ సెల్ నుంచో న్యాయశాఖ నుంచో ఆ తేదీకి ఈ పేరుతో సర్టిఫికెట్ లేదన్న జవాబు చేతికొచ్చాక దాన్ని ఫైల్లో పెట్టి మర్చిపోతే ఆ సెక్షన్ చేజారినట్టే. ఫోర్జరీ సెక్షన్లకు ఆ గడువు లేదు.